గ్రాఫిక్స్ కార్డులకు ఇంటి వేడి మరమ్మతు

పాడైన గ్రాఫిక్స్ కార్డును వంటింటి ఓవెన్‌లో పెట్టి గానీ, హీట్ గన్‌తో గానీ బాగా వేడిచేసి తిరిగి పనిచేయించే ప్రయత్నమే వేడి మరమ్మతు. కంప్యూటర్ వాడకందారులు దీన్ని ‘బేకింగ్’ అంటారు. సర్వీసు దుకాణాల్లో ‘హీటింగ్’, ‘రీఫ్లో’ అన్న మాటలు వినిపిస్తాయి. చిప్పు కింద పగిలిన టంకం అతుకులు వేడికి కరిగి మళ్లీ కలుస్తాయన్న నమ్మకం మీద ఈ పద్ధతి నడిచింది. 2000వ దశకం చివరి ఏళ్లలో గ్రాఫిక్స్ చిప్పులు పెద్ద ఎత్తున చెడిపోవడంతో ఇది ప్రపంచమంతటా పాకింది. వేడి తగిలిన కార్డుల్లో కొన్ని నిజంగానే లేచి పనిచేశాయి, కానీ వాటిలో చాలా భాగం కొన్ని రోజులకో వారాలకో మళ్లీ మూగబోయాయి. లోపం చిప్పులో ఉందా లేదా అన్నది తేల్చుకోవడానికి వేడి పనికొస్తుందే తప్ప, ఇంట్లో దొరికే వేడి ఆ లోపాన్ని నయం చేయదని చిప్ లెవెల్ పని చేసేవారిలో ఎక్కువమంది చెబుతారు.

కార్డులోని అతుకులు

గ్రాఫిక్స్ కార్డు మీద నలుచదరంగా కనిపించే ప్రధాన చిప్పు నిజానికి రెండు అంతస్తుల కట్టడం. పైన అద్దంలా మెరిసే సిలికాన్ ముక్క ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే. దాని కింద పలుచటి ఆకుపచ్చ పలక ఉంటుంది, దాన్ని సబ్‌స్ట్రేట్ అంటారు. సిలికాన్‌ను సబ్‌స్ట్రేట్‌కు కలిపేవి మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే ఉండే టంకం బిందువులు. వీటి సంఖ్య వేలల్లో ఉంటుంది. సిలికాన్‌ను బోర్లించి ఇలా బిందువులతో అతికించే పద్ధతిని 1960లలో ఐబీఎం రూపొందించింది. బిందువుల మధ్య ఖాళీలో అండర్‌ఫిల్ అనే ఎపాక్సీ జిగురును నింపి గట్టిపరుస్తారు. బిందువుల మీద పడే లాగుడును ఆ జిగురు పంచుకుంటుంది.

సబ్‌స్ట్రేట్‌ను కార్డు బోర్డుకు కలిపేది రెండో వరుస అతుకులు. ఇవి సుమారు అర మిల్లీమీటరు వ్యాసం ఉన్న టంకం గుళ్లు. గుళ్లను గళ్లగళ్లుగా పేర్చే ఈ అమరికకు బీజీఏ అని పేరు. మెమొరీ చిప్పులు కూడా బీజీఏ పద్ధతిలోనే బోర్డుకు అంటుకుని ఉంటాయి. ఇవి కాక కరెంటును సరిచేసి అందించే మాస్‌ఫెట్లు, కాయిళ్లు, కెపాసిటర్లు బోర్డు నిండా ఉంటాయి.

పాడైన అతుకు ఈ రెండు వరుసల్లో ఎక్కడుందన్నది మరమ్మతు ఫలితాన్ని నిర్ణయిస్తుంది. బోర్డుకూ సబ్‌స్ట్రేట్‌కూ మధ్య ఉన్న గుళ్లు దుకాణంలోని యంత్రానికి అందుతాయి. సిలికాన్ కింద జిగురులో కూరుకుపోయిన బిందువులు ఎవరి చేతికీ అందవు.

టంకం ఎందుకు పగులుతుంది

కార్డు పనిలో పడితే చిప్పు 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. కంప్యూటర్ ఆపేస్తే గది ఉష్ణోగ్రతకు దిగుతుంది. ఈ ఎక్కడం, దిగడం రోజూ జరుగుతూనే ఉంటాయి. వేడికి అన్ని పదార్థాలూ ఒకే మోతాదులో వ్యాకోచించవు. ఒక్క డిగ్రీ పెరిగితే సిలికాన్ పది లక్షల్లో సుమారు 3 వంతులు సాగుతుంది. బోర్డులో వాడే గాజు పీచు, ఎపాక్సీల కలయిక 14 నుంచి 17 వంతులు సాగుతుంది. 20 మిల్లీమీటర్ల భుజం ఉన్న సిలికాన్ ముక్కను తీసుకుందాం. మధ్య నుంచి మూలకు దూరం సుమారు 14 మిల్లీమీటర్లు. ఉష్ణోగ్రత 60 డిగ్రీలు పెరిగినప్పుడు, జిగురు పట్టు లేకపోతే, మూలలో సిలికాన్‌కూ కింది పలకకూ మధ్య దాదాపు 10 మైక్రాన్ల జరుగుడు వస్తుంది. బిందువు వెడల్పు 100 మైక్రాన్లే కాబట్టి ఇది చిన్న జరుగుడేమీ కాదు. తీగను అటూ ఇటూ పదేపదే వంచితే తెగినట్టు, రోజూ సాగి ముడుచుకునే టంకంలో ముందు వెంట్రుకవాసి చీలిక పుడుతుంది, తర్వాత అది అడ్డంగా పాకుతుంది. మూలల్లోని అతుకులు ముందుగా తెగడానికి కారణం అక్కడ జరుగుడు ఎక్కువగా ఉండడమే.

లోహాల ఈ అలసటకు లెక్క కట్టినవారు ఇద్దరు. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన కాఫిన్, అమెరికా వైమానిక పరిశోధన సంస్థలో పనిచేసిన మాన్సన్ 1950లలో విడివిడిగా ఒకే సూత్రానికి చేరారు. ఒక్కో ఆవృత్తిలో పడే సాగుదల పెరిగేకొద్దీ లోహం తట్టుకునే ఆవృత్తుల సంఖ్య చాలా వేగంగా పడిపోతుందని ఆ సూత్రం చెబుతుంది. మామూలు టంకం విషయంలో సాగుదలను సగానికి తగ్గిస్తే ఆయుష్షు దాదాపు నాలుగింతలవుతుంది. ఫ్యాన్ శుభ్రంగా ఉండి చల్లగా నడిచే కార్డు ఎక్కువకాలం మన్నడానికి కారణం ఇదే.

టంకంలో వచ్చిన మార్పు కూడా ఈ కథలో భాగమే. పాత టంకంలో 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉండేవి. అది 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం లాంటి హానికర పదార్థాలను పరిమితం చేస్తూ యూరోపియన్ యూనియన్ తెచ్చిన రోస్ నిబంధన 2006 జులై 1న అమల్లోకి వచ్చాక, పరిశ్రమ తగరం, వెండి, రాగి కలిసిన టంకానికి మారింది. 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి ఉన్న రకం వాటిలో ప్రధానమైనది. ఇది 217 డిగ్రీలు దాటాకే కరగడం మొదలవుతుంది. సిలికాన్ కింది బిందువుల్లో మాత్రం సీసం వాడకానికి ఆ నిబంధన మినహాయింపునిచ్చింది. 95 శాతం సీసంతో చేసిన అలాంటి బిందువులు 300 డిగ్రీలు దాటితేగానీ కరగవు.

వైఫల్యాల చరిత్ర

ఈ లోపం మొదట జనం నోళ్లలో నానింది మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 ఆట యంత్రం వల్ల. ముందువైపు ఎర్రటి దీపాలు వెలిగి యంత్రం ఆగిపోయేది. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచింది, అందుకోసం 105 కోట్ల నుంచి 115 కోట్ల డాలర్ల దాకా ఖర్చు రాసుకుంది. యంత్రాన్ని తువ్వాళ్లలో చుట్టి కావాలనే వేడెక్కించే చిట్కా అప్పట్లో విపరీతంగా ప్రచారమైంది. వేడి, చల్లదనం మారిమారి తగిలి చిప్పు లోపలి అతుకులు తెగాయని 2021లో విడుదలైన ఎక్స్‌బాక్స్ డాక్యుమెంటరీలో ఆ కంపెనీ ఇంజినీరింగ్ బాధ్యులే వివరించారు. బోర్డు మీది గుళ్లు విడిపోతున్నాయని అంతకాలం చాలామంది అనుకున్నారు.

2008 జులైలో ఎన్‌విడియా తన కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల్లో సిలికాన్, ప్యాకేజీ పదార్థాల కూర్పు బలహీనంగా ఉందని ఒప్పుకుంది. మరమ్మతులు, మార్పిళ్ల కోసం 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. ఆ చిప్పులు వాడిన కంపెనీల్లో హెచ్‌పీ, డెల్, యాపిల్ ఉన్నాయి. మ్యాక్‌బుక్ ప్రోలోని జీఫోర్స్ 8600ఎం జీటీ చిప్పుకు ఈ లోపం ఉండవచ్చని యాపిల్ అదే ఏడాది అక్టోబరులో తెలిపి, ఉచితంగా బాగుచేసే ఏర్పాటు చేసింది. కొనుగోలుదారులు అమెరికాలో వేసిన సామూహిక దావా 2010లో రాజీతో ముగిసింది.

డెస్క్‌టాప్‌లలో ఓవెన్ ఎక్కిన కార్డుల్లో అందరికీ గుర్తుండేది జీఫోర్స్ 8800 జీటీ. 2007 అక్టోబరు చివర్లో విడుదలైన ఈ కార్డు 105 వాట్ల వేడిని పలుచటి కూలర్‌తో, ఒక్క స్లాట్ వెడల్పులో బయటికి పంపాల్సి వచ్చేది. తర్వాత 2011 నాటి మ్యాక్‌బుక్ ప్రోల్లోని ఏఎండీ రేడియాన్ చిప్పులదీ ఇదే దారి. 2011 ఫిబ్రవరి నుంచి 2013 డిసెంబరు దాకా అమ్మిన యంత్రాలకు యాపిల్ 2015లో ఉచిత మరమ్మతు పథకం ప్రకటించింది.

ఇళ్లలో చేసే తీరు

ప్రచారంలో ఉన్న పద్ధతి ఇలా ఉంటుంది. ముందు కూలర్, ఫ్యాన్, ప్లాస్టిక్ తొడుగులు, ఊడివచ్చే స్టిక్కర్లు తీసేస్తారు. చిప్పు మీది పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు. అల్యూమినియం రేకును ఉండలుగా చుట్టి, వాటి మీద చిప్పు పైకి ఉండేలా కార్డును నిలుపుతారు. ముందుగానే 195 నుంచి 200 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 8 నుంచి 10 నిమిషాలు ఉంచి, ఆపేశాక తలుపు తెరిచి, కదపకుండా చల్లారనిస్తారు. కొత్త పేస్టు పూసి, కూలర్ బిగించి పరీక్షిస్తారు. హీట్ గన్ వాడేవారు చుట్టుపక్కల భాగాలను రేకుతో కప్పి, చిప్పు ఒక్కదాని మీదే గాలిని తిప్పుతారు. కొందరు చిప్పు అంచుల్లో ఫ్లక్స్ పోస్తారు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే మైక్రోవేవ్ దీనికి అసలే పనికిరాదు. లోహం మీద ఆ తరంగాలు పడితే నిప్పురవ్వలు లేస్తాయి, కార్డూ మైక్రోవేవూ రెండూ పాడవుతాయి. కేకుల కోసం వాడే ఓటీజీలో ముల్లు చూపే అంకెకూ లోపల ఉన్న అసలు వేడికీ పది ఇరవై డిగ్రీల తేడా మామూలే. వేడి కడ్డీలకు దగ్గరగా ఉన్న మూల మాడుతుండగా మధ్యభాగం ఇంకా కాగుతూ ఉంటుంది.

లేవడానికీ మళ్లీ పడిపోవడానికీ కారణం

పైన చెప్పిన అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ఓవెన్ వేడి 200 డిగ్రీలు. సీసం లేని గుళ్లు కరగాలంటే 217 దాటాలి. సీసం ఎక్కువగా ఉన్న లోపలి బిందువులకు 300 దాటాలి. కాబట్టి చాలా కార్డుల్లో పగిలిన టంకం ఓవెన్‌లో కరగనే లేదు, అయినా కొన్ని కార్డులు పనిచేశాయి. చిప్పు వేడెక్కినప్పుడు జిగురు మెత్తబడుతుంది, సబ్‌స్ట్రేట్ వంపు మారుతుంది, చీలికకు అటూ ఇటూ ఉన్న లోహపు ముఖాలు మళ్లీ ఒకదానికొకటి ఆనుకుంటాయి. చల్లారాక ఆ ఆనుడు కొంతకాలం నిలిస్తే కరెంటు పారుతుంది, తెర మీద బొమ్మ వస్తుంది. లోహం లోహంతో కలిసిపోలేదు కనుక, నాలుగైదు ఆటల వేడి తగిలేసరికి చీలిక మళ్లీ తెరుచుకుంటుంది.

ఒకవేళ టంకం కరిగినా పని పూర్తయినట్టు కాదు. చీలిన ముఖాల మీద గాలి తగిలి ఆక్సైడ్ పొర పేరుకుని ఉంటుంది. దాన్ని కరిగించే ఫ్లక్స్ లేకపోతే టంకం టంకంతో కలవదు. గుళ్ల దగ్గరికి ఫ్లక్స్‌ను పంపవచ్చు, జిగురు నిండిన లోపలి బిందువుల దగ్గరికి అది చేరే దారి లేదు. ఫ్యాక్టరీలో ఇదే పనిని చాలా కొలతగా చేస్తారు. ఉష్ణోగ్రతను సెకనుకు 3 డిగ్రీలకు మించకుండా పెంచుతారు, 150 నుంచి 200 డిగ్రీల మధ్య కాసేపు నిలుపుతారు, 235 నుంచి 250 డిగ్రీల శిఖరానికి తీసుకెళ్లి క్రమంగా దించుతారు. టంకం ద్రవంగా ఉండే సమయం ఒకటి రెండు నిమిషాలు మాత్రమే. అంచనాతో నడిచే వంటింటి ఓవెన్‌కు ఈ కొలత అందదు.

హాని, ప్రమాదాలు

వేడికి కార్డులోని మంచి భాగాలు కూడా దెబ్బతింటాయి. ద్రవం నింపిన కెపాసిటర్ల పరిమితి సాధారణంగా 105 డిగ్రీలు. అంతకు రెట్టింపు వేడిలో అవి ఉబ్బుతాయి, ఒక్కోసారి పేలుతాయి. మామూలు రకం బోర్డు 130 నుంచి 140 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది కాబట్టి సరైన ఆనుడు లేకపోతే వంగుతుంది. కొన్నేళ్లుగా గాలిలోని తేమను పీల్చుకున్న చిప్పును ఒక్కసారిగా కాలిస్తే ఆ తేమ ఆవిరై చిప్పు పొరలను విడదీస్తుంది. దీన్ని నివారించడానికే వృత్తినిపుణులు అసలు పనికి ముందు బోర్డును 125 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెడతారు. డీవీఐ, హెచ్‌డీఎంఐ సాకెట్ల ప్లాస్టిక్ కరిగిపోవచ్చు. టంకం ద్రవంగా ఉన్నప్పుడు కార్డు కదిలితే చిన్న భాగాలు పక్కకు జారిపోతాయి.

మనుషులకు కలిగే హాని వేరు. ఈ వేడికి సీసం ఆవిరై గాలిలో కలవదు, అయితే ఫ్లక్స్, ప్లాస్టిక్, మంటనిరోధక రసాయనాల పొగ ఊపిరితిత్తులకు చెడు చేస్తుంది. ఓవెన్ గోడలకు పట్టిన మడ్డి తర్వాత వండే తిండికి చేరుతుంది. అందుకే కార్డు పెట్టిన ఓవెన్‌ను మళ్లీ వంటకు వాడకూడదు. వారంటీలో ఉన్న కార్డును వేడిచేస్తే ఆ హక్కు పోయినట్టే. కొత్త కార్డులకు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది కనుక ముందు బిల్లు వెతకడం మంచిది.

వేడితో పనిలేని లోపాలు

తెర నల్లగా ఉన్నంత మాత్రాన టంకం పగిలినట్టు కాదు. గీతలు, గళ్లు, రంగు చుక్కలు కనిపించడం, డ్రైవర్ వేయగానే తెర ఆరిపోవడం, విండోస్ కోడ్ 43 చూపడం లాంటి లక్షణాలు పలు లోపాలకు ఉమ్మడివి. స్లాట్‌లో దిగే బంగారు పూత అంచును రబ్బరుతో, తర్వాత ఐసోప్రొపైల్‌తో తుడవడం, కార్డును వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడడం, డ్రైవర్‌ను పూర్తిగా తీసి మళ్లీ వేయడం, ఎండిపోయిన పేస్టు మార్చడం మొదట చేయాల్సిన పనులు. స్లాట్ నుంచి కార్డుకు 75 వాట్లే అందుతాయి. మిగతాది ఆరు పిన్నుల తీగ నుంచి మరో 75, ఎనిమిది పిన్నుల తీగ నుంచి 150 వాట్ల చొప్పున రావాలి. ఆ తీగ వదులైనా, పవర్ సప్లై నీరసించినా కార్డే పోయిందనిపిస్తుంది.

లోపం మాస్‌ఫెట్ షార్ట్ కావడమైతే మల్టీమీటర్ చెప్పేస్తుంది. 2021 జులైలో ‘న్యూ వరల్డ్’ అనే ఆట ఆడుతుండగా కొన్ని ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు పోయాయి. తమ తొలి విడత కార్డుల్లో మాస్‌ఫెట్ల చుట్టూ టంకం పని సరిగా జరగలేదని ఈవీజీఏ కంపెనీ వెల్లడించి, కార్డులు మార్చి ఇచ్చింది. మెమొరీ చిప్పు పోతే ఆ ఒక్క చిప్పునే మార్చుకోవచ్చు. ఈమధ్య వస్తున్న బరువైన కార్డులు స్లాట్‌లో కిందికి వాలి, బోర్డు లోపలి రాగి గీతలే తెగిపోతుంటాయి. వీటిలో ఏదీ ఓవెన్‌తో బాగయ్యే లోపం కాదు.

దుకాణంలో జరిగే పని

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, ముంబైలోని లామింగ్టన్ రోడ్ కంప్యూటర్ సామానుకు పేరున్న చోట్లు. ఇలాంటి మార్కెట్లలో ‘చిప్ లెవెల్ సర్వీస్’ బోర్డు పెట్టినవారు బీజీఏ యంత్రాలతో పనిచేస్తారు. బోర్డును కింది నుంచి పరారుణ పలకతో కాచి, పై నుంచి కొలిచిన వేడిగాలి వదులుతారు. ‘రీబాలింగ్’ అంటే చిప్పును పూర్తిగా లేపి, పాత టంకాన్ని రాగి జల్లెడ తీగతో తుడిచి, చిల్లుల రేకు సాయంతో కొత్త గుళ్లు పేర్చి తిరిగి దించడం. గుళ్లే పగిలిన కార్డుకు ఇది గట్టి వైద్యం. లోపల బిందువులే తెగిన చిప్పుకు రీబాలింగ్ చేస్తే, ఆ క్రమంలో తగిలిన వేడి వల్ల చిప్పు కొన్నాళ్లు లేస్తుంది. ఖాతాదారు డబ్బు కట్టి తీసుకెళ్లాక మళ్లీ ఆగిపోతుంది. న్యూయార్క్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తూ ప్రసిద్ధుడైన లూయీ రాస్‌మన్ ఏళ్లుగా ఈ సంగతినే వాదిస్తూ వచ్చారు. ఆయన మాటలో చెడ్డ చిప్పుకు మందు కొత్త చిప్పే.

అనుభవం ఉన్న పనివారు వేడిని పరీక్షగా వాడతారు. చిప్పును టంకం కరగనంత మేరకే, 100 డిగ్రీల చుట్టుపక్కల వేడిచేసి తెర వస్తుందేమో చూస్తారు. వస్తే చిప్పు లోపలి అతుకు తెగినట్టు అనుమానం బలపడుతుంది. అప్పుడు చిప్పు మార్పిడికి ధర చెబుతారు, లేదా కార్డును పక్కన పెట్టమంటారు. ఇంట్లో ఓవెన్ చేసిన పని కూడా ఈ పరీక్షే, కాకపోతే ఎన్నో రెట్లు మోటుగా.

పాత కార్డులు కొనేవారికీ ఈ విషయం అక్కరకొస్తుంది. బేక్ చేసిన కార్డు అమ్మేటప్పుడు చక్కగా నడిచి, ఇంటికి వచ్చిన కొద్దిరోజులకే పోవచ్చు. చిప్పు అంచుల్లో జిగటగా పేరుకున్న ఫ్లక్స్, గోధుమరంగుకు తిరిగిన బోర్డు, ముడతలు పడ్డ స్టిక్కర్లు, మెత్తబడిన సాకెట్లు దాని ఆనవాళ్లు. ఆట లేదా భారీ పరీక్ష గంటసేపు నడిపించి, ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ నడిపించి చూశాకే డబ్బు ఇవ్వాలి.

చివరి మజిలీ

గ్రాఫిక్స్ కార్డులో వాడకందారు ఫైళ్లేవీ ఉండవు. ల్యాప్‌టాప్‌లోనైనా డిస్కును విడదీసి వేరే యంత్రానికి తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. అందువల్ల ‘ఒక్కసారి లేస్తే చాలు’ అంటూ వేడిచేయాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. నయం కాదని తేలిన కార్డులోనూ కూలర్, ఫ్యాన్లు, మెమొరీ చిప్పులు, మాస్‌ఫెట్లు మిగిలే ఉంటాయి. వాటి కోసం దుకాణాలు ‘డెడ్ కార్డు’లను కొంటాయి. అలా కూడా పోనివాటిని, భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేర్చాలి. చెత్తబుట్టలో పడేస్తే అందులోని సీసం నేలలోకి, నీళ్లలోకి దిగుతుంది. ఇంకా నడుస్తున్న కార్డు విషయంలో ఇంటి దగ్గర చేయగలిగిన మేలైన పని దానికి వేడి తగలకుండా చూడడమే. ఆరునెలలకోసారి దుమ్ము ఊదేయడం, రెండు మూడేళ్లకు పేస్టు మార్చడం, గాలి ఆడే చోట క్యాబినెట్ ఉంచడం, బరువైన కార్డు కింద ఊతం పెట్టడం టంకం ఆయుష్షును నిజంగా పెంచుతాయి.